బంగారు బియ్యము

శ్రీకాకుళము జిల్లా యుత్తరపు కొసన, మహేంద్రగిరికిని సముద్రమునకును నడుమ ఉద్దానమను ప్రాంతము కలదు. కవిటి, కంచిలి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలముల గ్రామములు దీనిలోనివి. ఉద్యానమను మాటయే వాడుకలో ఉద్దానమైనదని పెద్దలు చెప్పుదురు. ఆ పేరు ఈ నేలకు తగియున్నది. ఇసుక నేలలో కొబ్బరి, జీడిమామిడి, పనస, మామిడి చెట్లు గుంపులు గుంపులుగా పెరుగును. 2018 అక్టోబరులో వచ్చిన తిత్లీ తుపాను ఈ తోటలను నేలమట్టము చేసినను, రైతులు మరల మొక్కలు నాటి నీరు పోసిరి. పలాస దాటి టెక్కలి వైపు సాగినచో తోటలు పలుచబడి వరిచేలు కనవచ్చును. వంశధార యెడమకాలువ నీరు ఆ చేలను తడుపును.

తోట యిచ్చు ఫలములకును చేను ఇచ్చు ధాన్యమునకును రంగులో నొక భేదము కలదు. మామిడిపండు కోసిన లోపల పసుపు. పనసతొన పసుపు. తాటిపండు గుజ్జు మరింత ముదురు పసుపు. అన్నము మాత్రము మల్లెపూవువలె తెల్లనిది. తెల్లని యన్నమే శ్రేష్ఠమని మనము తలంతుము. కాని ఆ తెలుపులో నొక కొఱత దాగియున్నది. దానిని తీర్చుటకు శాస్త్రజ్ఞులు పడిన పాట్లు ఎట్టివో, అందు వారు నేర్చిన దేమో ఈ పాఠములో తెలిసికొందము.

పండ్లలోని పసుపు కంటికి ఇంపు గొలుపుటయే గాక కంటికి చూపును కూడ నిచ్చును. అందు బీటా కెరోటిన్ అను పదార్థము కలదు. మనము దానిని భుజించినపుడు ప్రేవులలోని యొక యెంజైము దానిని నడిమికి ఖండించును. ఆ ఖండముల నుండి విటమిన్ ఏ ఏర్పడును. కంటి వెనుక భాగమున వెలుగును గ్రహించు పొర యొకటి కలదు. మసక వెలుతురులో చూపునకు ఆధారమగు పదార్థము ఆ పొరలో నుండును. విటమిన్ ఏ లేనిదే ఆ పదార్థము తయారు కాజాలదు.

ఈ విటమిన్ లోపించిన పిల్లలకు మొదట రేచీకటి పట్టును. పగలు చక్కగా ఆడుకొను బాలుడు ప్రొద్దు క్రుంకగనే గడప కానక తడబడును. పిదప కంటి తెల్లగ్రుడ్డు తడి యారి, దానిపై నురుగువంటి మచ్చలు పుట్టును. అప్పటికిని మందు పడనిచో నల్లగ్రుడ్డును కప్పియుండు తేటయైన పొర మెత్తబడి పుండగును. అటుపై పోయిన చూపు మరల రాదు. అంతియే కాదు, విటమిన్ ఏ కొఱవడిన శరీరము అంటువ్యాధుల కెదురొడ్డి నిలువలేదు. తట్టు, అతిసారము వంటి వ్యాధులు అట్టి పిల్లల ప్రాణములను సైతము హరించును. ప్రపంచమున ఏటేట రెండున్నర లక్షల నుండి ఐదు లక్షల వరకు పిల్లలు ఈ లోపముచే చూపు కోల్పోవుచుండిరనియు, వారిలో సగముమంది ఏడాది తిరుగకమునుపే మరణించుచుండిరనియు ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒకప్పుడు అంచనా కట్టినది.

ఈ కీడును మాన్పుటకు హైదరాబాదు చేసిన మేలు గొప్పది. జాతీయ పోషకాహార సంస్థ 1918లో నీలగిరులలోని కూనూరున ఒక చిన్న పరిశోధనశాలగా ఆరంభమై, 1958లో హైదరాబాదునకు తరలివచ్చినది. విటమిన్ ఏ ను శరీరము కాలేయమున నిలువచేసికొనగలదు. కావున ఒకేమారు పెద్ద మోతాదు ఇచ్చినచో అది కొన్ని మాసములపాటు ఉపకరించును. ఈ సూత్రముపై ఆ సంస్థలోని శాస్త్రజ్ఞులు పల్లె పిల్లలయందు పరీక్షలు జరిపి మేలు కనుగొనిరి. వారి కృషి ఆధారముగా 1970లో పిల్లలకు ఆరుమాసముల కొకమారు విటమిన్ ఏ ద్రావకమునిచ్చు పథకము ఆరంభమైనది. నేడు అంగన్వాడీలలో చిన్నపిల్లల నోట చెంచాతో పోయు పసుపుపచ్చని మందు అదియే.

ఈ పథకము వలన నెందరి కండ్లో నిలిచినవి. అయినను మందు ఇంటింటికి ఎవరో ఒకరు తేవలెను. వాన కాలమున దారి తెగిన పల్లెకు అది చేరకపోవచ్చును. అన్నము మాత్రము ఎంత పేదయింటనైనను పొయ్యి మీద నుడుకుచునే యుండును. ఆ యన్నమునందే పసుపు పదార్థముండిన నెంత బాగుండును! ఈ తలంపే బంగారు బియ్యమునకు మూలము.

వరి మొక్కకు బీటా కెరోటిన్ చేయు విద్య రాదా యని మీరడుగవచ్చును. ఆ విద్య దానికి చక్కగా వచ్చును. పచ్చని వరియాకులో ఆ పసుపు పదార్థము పుష్కలముగా కలదు. ఆకుపచ్చ దానిని కప్పియుంచుటచే మనకు కానరాదు. పైరు పండి ఆకులలోని పచ్చదనము విరిగినపుడు లోపలి పసుపు బయటపడును. ఆకు ఎండను పట్టి ఆహారము తయారుచేయును గనుక దానికి ఆ పదార్థము అవసరము. గింజలో మనము తిను తెల్లని భాగము రేపటి మొలకకై మొక్క దాచిన పిండిమూట. దానికి ఎండతో పని లేదు. కావున అందు ఆ విద్య నిద్రించుచున్నది. మరలో తవుడు తీయుటచే పసుపు పోయినదని తలపరాదు. దంపుడు బియ్యమున బి విటమిన్లు హెచ్చుగా నుండు మాట నిజమే గాని, చూపునకు వలయు పదార్థము అందును లెక్కింపదగినంత లేదు.

ఆ విద్య యెట్లు నిద్రించుచున్నదో తెలియుటకు పలాసలోని జీడిపప్పు కార్ఖానాను తలచుకొందము. అచట నొకరు జీడిపిక్కలను ఆవిరిలో నుడికింతురు. మరియొకరు పెంకు పగులగొట్టి పప్పు తీయుదురు. దానిని వేడిగదిలో నారబెట్టిన పిమ్మట ఇంకొకరు పైపొర యొలుతురు. చివరివారు గుండు, బద్ద, ముక్క యని వేరుచేయుదురు. ఎవరి పని వారిది. పెంకు తీయువారు రాని దినమున పిక్కలు గుట్టగా పడియుండును. పొర యొలుచువారును ఏరువారును వచ్చి కూర్చున్నను వారికి పని యుండదు.

మొక్క కణములో ఎంజైములు ఇట్టి పనివారు. బీటా కెరోటిన్ తయారగుటకు ముఖ్యముగా మూడు పనులు జరుగవలెను. మొదటి యెంజైము ఇరువది కర్బన పరమాణువులు గల రెండు చిన్న అణువులను జతచేసి నలుబది పరమాణువుల పొడవైన యణువును చేయును. దానికి రంగు లేదు. రెండవ పనిలో ఆ యణువులోని బంధములు మారి అది ఎఱ్ఱబడును. టమాటకు ఎఱుపునిచ్చు లైకోపీన్ అదియే. మూడవ యెంజైము ఆ యెఱ్ఱని యణువు యొక్క రెండు కొసలను ఉంగరములవలె మడుచును. అంతట అది పసుపుపచ్చని బీటా కెరోటిన్ అగును. ప్రతి యెంజైమును తయారుచేయు విధము ఒక్కొక్క జన్యువులో వ్రాయబడియుండును. వరిగింజలో ముడిసరకు కలదు. కడపటి పనివాడును కలడు. మొదటి పనివాడు లేకపోవుటచే కార్ఖానా మూతబడియున్నది.

1984లో ఫిలిప్పీన్సు దేశమునందలి అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థలో కొందరు శాస్త్రజ్ఞులు ఒకచోట కూడి మాటలాడుకొనిరి. వరిలో ఏ గుణము కావలెనని ప్రశ్న వచ్చెను. ఒకరు తెగుళ్లకు తట్టుకొను గుణమనిరి. ఒకరు నీటియెద్దడిని సహించు గుణమనిరి. పీటర్ జెన్నింగ్స్ అను పేరుగల వరి శాస్త్రవేత్త మాత్రము పసుపు గింజ కావలెనని చెప్పెనని ప్రతీతి. వరి జాతులలో వెదకినను పసుపు గింజ గల మొక్క దొరకలేదు. జాతిలోనే లేని గుణమును సంకరముచే తెచ్చుట అసాధ్యము. ఇతర జీవుల నుండి జన్యువులను తెచ్చి వరిలో చేర్చుట యొక్కటియే మార్గమైనది.

ఈ కార్యమునకు పూనుకొన్నవారు స్విట్జర్లాండు దేశములోని జూరిచ్ నగరమున పనిచేయు ఇంగో పోట్రికస్, జర్మనీలోని ఫ్రైబర్గు విశ్వవిద్యాలయమునకు చెందిన పీటర్ బేయర్ అను నిరువురు. మొదటి యెంజైమునకు సంబంధించిన జన్యువును వారు డాఫొడిల్ అను పసుపు పూలమొక్క నుండి గ్రహించిరి. రెండవ పనికి మొక్కలలో పెక్కు ఎంజైములు వలయును. కాని నేలలో నుండు ఒకానొక బాక్టీరియా జాతియందు ఆ పనినంతయు ఒక్క యెంజైమే నిర్వహించును. నలుగురు చేయు పనిని ఒక్కడే చేయగల నేర్పరిని కుదుర్చుకొన్నట్లు, వారు ఆ బాక్టీరియా జన్యువును తెచ్చిరి.

జన్యువును కణములోనికి చేర్చుట యెట్లు? మట్టిలో ఆగ్రోబాక్టీరియం అను సూక్ష్మజీవి యొకటి కలదు. అది మొక్కలకు సోకినపుడు తన జన్యువులలో కొన్నింటిని మొక్క కణములోనికి పంపును. ఆ సహజ గుణమును శాస్త్రజ్ఞులు ఉపయోగించుకొనిరి. హాని చేయు జన్యువులను తొలగించి, వాటికి బదులు కావలసిన జన్యువులను దానిచే మోయించిరి. ఆ జన్యువులు గింజలోనే పనిచేయునట్లు వాటి ముందు తగిన మీట నుంచిరి. అట్టి కణము నుండి మొక్కను పెంచిరి. పెక్కేండ్ల పరిశ్రమ 1999లో ఫలించినది. తవుడు తీసిన గింజ లేత పసుపు వన్నెతో మెరసెను. ఆ వార్త 2000 జనవరిలో సైన్స్ పత్రికలో ప్రకటింపబడినది. దానికి బంగారు బియ్యమను పేరు వచ్చినది.

ఇందొక వింత కలదు. మూడవ యెంజైము జన్యువును చేర్చని గింజలు టమాటవలె ఎఱ్ఱబడునని తలంపవచ్చును. కాని అవియు పసుపుగనే పండినవి. వరిగింజలో కడపటి పనివాడు ముందునుండియు కాచుకొని యున్నాడని దీనివలన స్పష్టమైనది.

అయినను తొలి బంగారు బియ్యములో ఒక గ్రామునకు 1.6 మైక్రోగ్రాముల పసుపు పదార్థము మాత్రమే యుండెను. మైక్రోగ్రామనగా గ్రాములో పదిలక్షవ వంతు. ఇది పిల్లల యవసరమునకు చాలదు. మొదటి పనివాడు మందకొడిగా పనిచేయుటయే దీనికి కారణమని కనుగొని, 2005లో డాఫొడిల్ జన్యువునకు బదులు మొక్కజొన్న జన్యువును వాడిరి. అంతట ఒక గ్రామునకు 37 మైక్రోగ్రాముల వరకు పసుపు పదార్థము లభించినది. మన పెరటి మొక్కజొన్న గింజకు సహజముగానున్న నేర్పు వరిగింజకు కూడ అబ్బినది.

ఇక మన దేశపు కథకు వత్తము. పశ్చిమగోదావరి జిల్లాలోని మారుటేరు వరి పరిశోధన కేంద్రమున రూపొంది 1982లో విడుదలయిన వంగడము స్వర్ణ. ఎం.టి.యు. 7029 అనునది దాని సంఖ్య. అందలి అక్షరములు మారుటేరు పేరునకు గుర్తు. తక్కువ యెరువుతో మంచి దిగుబడి నిచ్చుటచే అది శ్రీకాకుళము మొదలు ఒడిశా, వంగ, ఛత్తీస్‌గఢ్ రాష్ట్రముల వరకు వ్యాపించినది. బంగ్లాదేశ్ రైతులు కూడ దానిని ఆదరించిరి. స్వర్ణమనగా బంగారము, కాని స్వర్ణ బియ్యము తెలుపే. కోట్లమంది భుజించు ఈ బియ్యమునకు పసుపు గుణము పట్టించినచో కోట్లమందికి మేలగునని మన శాస్త్రజ్ఞులు తలంచిరి.

ఈ పనిని ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ చేపట్టినది. పసుపు గింజ గల అమెరికా వంగడముతో స్వర్ణను సంకరపరచిరి. పుట్టిన మొక్కలలో పసుపు జన్యువులు గలవాటిని ఏరి, మరల మరల స్వర్ణతోనే సంకరము చేసిరి. ఇట్లు తరతరమునకు స్వర్ణ లక్షణములు హెచ్చుచుండ, పసుపు జన్యువులు మాత్రము నిలిచియుండవలెను. ఇది ఓర్పుతో కూడిన పని. కడకు పసుపు గింజ స్వర్ణ తయారైనది.

కాని దానిని పొలమున చూచినవారికి నిరాశ కలిగినది. మొక్కలు గిడసబారెను. ఆకులు పాలిపోయెను. వెన్నులు చిన్నవై దిగుబడి మిక్కిలి తగ్గెను. ఎంజైములు తమ పని సక్రమముగా చేయుచుండెను. గింజ పసుపుగనే యుండెను. మరి లోపమెచ్చట? శాస్త్రజ్ఞులు కారణమును వెదకి 2017లో ప్రకటించిరి. క్రొత్త జన్యువులు వరి జన్యుపత్రములో వచ్చి చేరిన చోటు మంచిది కాదు. అచట మొక్క పెరుగుదలను నడుపు ఆక్సిన్ అను రసమును కణములకు చేర్చుటకు వలయు జన్యువు ఒకటి యుండెను. క్రొత్తది దాని నడుమ జొరబడి దానిని చెరచినది. ఉద్దానపు తోటలో క్రొత్త మొక్కకై గొయ్యి త్రవ్వుచు ప్రక్కనున్న కొబ్బరిచెట్టు వేరును నరికినట్లయినది. క్రొత్త మొక్క బ్రతికెను. కాచు చెట్టు వాడెను.

వరి జన్యుపత్రము సామాన్యమైనది కాదు. పన్నెండు క్రోమోసోములలో సుమారు 39 కోట్ల అక్షరములుగా అది వ్రాయబడియున్నది. పలు దేశములవారు కలిసి 2005లో దానిని చదివి ముగించిరి. అందు పదునొకండవ క్రోమోసోమును చదువుటలో మన దేశము పాలుగొనినది. ఆ చదువు లేకున్న స్వర్ణ వాడుటకు కారణము తెలిసియుండెడిది కాదు. ఆగ్రోబాక్టీరియం మోసికొనిపోవు జన్యువు ఎచట దిగునో ముందుగా నిర్ణయించుట శక్యము కాదు. కావున ఒకే ప్రయోగములో పెక్కు మొక్కలను పెంచి, ఒక్కొక్క దానిలో జన్యువు ఎచట చేరినదో పరిశీలించి, ఏ జన్యువునకును హాని కలుగని దానిని ఎన్నుకొనవలెను. ఏ పనివాని నుంచవలెనో తెలిసిన చాలదు. వానిని ఎచట కూర్చుండబెట్టవలెనో కూడ తెలియవలెను. స్వర్ణ నేర్పిన పాఠమిదియే.

ఫిలిప్పీన్సులో శాస్త్రజ్ఞులు పిమ్మట ఎన్నుకొన్నది ఇట్టి నిరపాయమైన చోట జన్యువులు చేరిన మరియొక మొక్క. దాని సంతతి మామూలు వరివలెనే పెరిగి పండినది. దాని బియ్యము ఆహారముగా నిరపాయకరమని ఆస్ట్రేలియా, కెనడా మున్నగు దేశముల అధికారులు తేల్చిరి. 2021లో ఫిలిప్పీన్సు ప్రభుత్వము దాని సాగునకు అనుమతి నిచ్చినది. కాని కొందరు రైతులును సంఘములవారును అభ్యంతరము తెలుప, 2024 ఏప్రిలులో ఆ దేశపు అప్పీలు న్యాయస్థానము ఆ అనుమతిని రద్దుచేసినది. మన దేశములో బంగారు వరి సాగునకు అనుమతి లభింపలేదు.

ఈ వివాదములో నిరువైపుల వాదములను వినుట మంచిది. ఒక రంగు బియ్యముపై ఆధారపడుటకంటె ఆకుకూరలును పండ్లును అందరికి అందించుట మేలని కొందరందురు. విత్తనముపై అధికారము ఎవరి చేతికి పోవునో యని రైతులు శంకింతురు. చూపు కోల్పోవు పిల్లలు ఈ వాదములు ముగియువరకు వేచియుండజాలరని మరికొందరందురు. చైనాలో పిల్లలపై జరిపిన యొక పరీక్షలో తల్లిదండ్రులకు సంగతి సరిగా తెలుపలేదని బయటపడినందున, 2012లో ప్రకటింపబడిన ఆ పరీక్షా వ్యాసము 2015లో ఉపసంహరింపబడినది. మేలు చేయుటకైనను చేయబడువారి అనుమతి కావలెను. ఎంత గొప్ప విజ్ఞానమునకైనను ఈ మర్యాద తప్పదు.

బంగారు బియ్యము మన పళ్లెములోనికి వచ్చునో రాదో కాలమే చెప్పవలెను. అంతవరకు కంటిచూపును కాపాడు పసుపు మన యింటి చుట్టునే కలదు. పెరటిలోని మునగాకు, తోటకూర, బొప్పాయి, గుమ్మడి, వేసవిలో మామిడిపండు, భాద్రపదమున తాటిపండు దానిని ధారాళముగా నొసగును. ఈ పదార్థము నూనెతో కలిసినపుడే శరీరమునకు చక్కగా నొంటబట్టును. కావున ఆకుకూరలో పోపు వేయు మన తల్లుల అలవాటు శాస్త్రసమ్మతమైనది. చెల్లెలికో తమ్మునికో సంధ్యవేళ చూపు మందగించినట్లు మీకు తోచినచో ఆలసింపక పెద్దలకు చెప్పి వైద్యునికి చూపింపవలెను. రేచీకటి దశలో కనుగొన్నచో ఆ కండ్లను సులభముగా నిలుపవచ్చును.

వరిచేను ప్రక్కగా నడచునపుడు పచ్చని యాకును, దాని కొసన వ్రేలాడు వెన్నును ఒక్కమారు పరికించి చూడుడు. ఒకే మొక్కలో ఆకునకు తెలిసిన విద్య గింజకు తెలియదు. దానిని మేల్కొల్పు ఉపాయము మానవుడు కనుగొనెను. ఏ చోట మేల్కొల్పవలెనో, ఎవరి సమ్మతితో మేల్కొల్పవలెనో ఇంకను నేర్చుకొనుచున్నాడు. ఆ నేర్పు పూర్తిచేయు భారము రేపటి శాస్త్రజ్ఞులగు మీపై గలదు.

ప్రశ్నలు

1. విటమిన్ ఏ లోపించినపుడు కంటికి క్రమముగా కలుగు మార్పులేవి?
2. వరియాకులో నున్న పసుపు పదార్థము గింజలో నేల లేదు?
3. జీడిపప్పు కార్ఖానాతో ఎంజైముల పనిని పోల్చి వివరింపుడు.
4. పసుపు గింజ స్వర్ణ మొక్కలు గిడసబారుటకు కారణమేమి? దానివలన శాస్త్రజ్ఞులు నేర్చిన దేమి?
5. బంగారు వరిని గూర్చిన ఇరువైపుల వాదములను సొంత మాటలలో వ్రాయుడు.